ఆ శని, ఆదివారాలే ఎందుకు?

మార్చి 3, సోమవారం

ఇది ఎవరి కంటా పడదు కాబట్టి మొహమాటం లేకుండా రాసుకుంటున్నాను. వాళ్ళు ముగ్గురూ కలిసి నా దగ్గర ఏదో దాస్తున్నారు.

నిన్న మధ్యాహ్నం మా 'నలుగురం' గ్రూపులో రేడియో మెసేజ్ పెట్టింది. "ఇరవై రెండు, ఇరవై మూడు. శని, ఆదివారాలు. సిటీకి పోతున్నాం. మొగుళ్ళు, పిల్లలు, టిఫిన్ క్యారేజీలు రాకూడదు. మనం నలుగురమే." రేడియో స్కూల్ ఆఫీసులో గుమాస్తా. దానికా పేరు ఎందుకొచ్చిందో పక్కన ఐదు నిమిషాలు కూర్చున్న ఎవరికైనా తెలుస్తుంది. హాస్టల్లో నలుగురం ఒకే గదిలో ఉన్న రోజుల నుంచీ చూస్తున్నాను, ఇరవై ఏళ్ళుగా సినిమాకి వెళ్ళాలన్నా మాకు మూడు వారాల చర్చలు కావాలి. ఇది నాలుగు నిమిషాల్లో తేలిపోయింది.

నర్సమ్మకి ఒక్క రోజు సెలవు కావాలంటే హాస్పిటల్లో అందరి కాళ్ళూ పట్టుకోవాలి. ఈసారి సెలవు ముందే దొరికిందట. ఇక షావుకారు అయితే షాపు మూసేస్తానంది. పెళ్ళిళ్ళ సీజన్లో శనివారం షట్టరు దించడమా! తన పెళ్ళి రోజున కూడా మధ్యాహ్నానికి వచ్చి గుండీల డబ్బాలు సర్దిన మనిషి. ఆమె టైలరింగ్ షాపులో నేను కటింగ్ మాస్టర్ని. మూడేళ్ళుగా ఆమె మొహం రోజూ చూస్తున్నాను, నాకు తెలియదా?

పరీక్ష పెట్టాను. "ఇరవై తొమ్మిది, ముప్ఫై అయితే నాకు వీలు" అని రాశాను. ముగ్గురూ "కుదరదు" అన్నారు. ఎందుకు కుదరదో ఒక్కరూ చెప్పలేదు. రేడియో కారణం చెప్పకుండా ఊరుకోవడం నా జన్మలో చూడలేదు.

ఈ నోటుపుస్తకం నర్సమ్మ ఇచ్చింది. "నీ బుర్రలో తిరిగేదంతా ఇందులో రాసెయ్యవే. మా బుర్రలు తినకు" అంది. సరే, రాస్తున్నాను. మొదటి పేజీలో తన సంగతే వచ్చింది.

మార్చి 4, మంగళవారం

ఫోన్లో టైము చూశాను. మూడు "కుదరదు"లూ 4:17కే వచ్చాయి.

మార్చి 5, బుధవారం

ఈ రోజు చేతికి మంచి పని తగిలింది. మీగడ రంగు శాటిన్, పెళ్ళికూతురి పొడవు గౌను. మా పాత కస్టమరు ఒకావిడ కూతురికట. మనిషి ఎలా ఉంటుందో నాకు తెలియదు. షావుకారు ముందు గదిలో కొలతలు తీసి పుస్తకంలో రాస్తుంది, నేను వెనక గదిలో కత్తిరిస్తాను. నేను మనుషుల్ని చూడను, అంకెల్ని చూస్తాను. ఈ అంకెలు చూస్తే చిన్న మనిషి, సన్నటి నడుము, కాస్త ముందుకు వంగి నడిచే అలవాటు. మెడ వెనక పావు అంగుళం వదిలాను. కత్తెర బట్ట మీద నీళ్ళలో వెళ్ళినట్టు వెళ్ళింది. మూడు గంటలు ఇంకేమీ గుర్తు రాలేదు.

తర్వాత ఫోను చూశాను. హోటల్ ఫొటోలు. నాలుగు మంచాలున్న ఒకే గది తీసుకుందాం అని రేడియో. రెండు గదులు తీసుకుంటే హాయి కదా అన్నాను. "ఒకే గదిలో ఉంటే హాస్టల్ రోజులు గుర్తొస్తాయి" అంది నర్సమ్మ. హాస్టల్లో నా గురక భరించలేక దుప్పటి పట్టుకుని వరండాలోకి పోయింది ఈవిడే.

నలుగురూ ఒకే గదిలో ఉంటే ఒకదాన్ని మిగతా ముగ్గురూ కనిపెట్టుకుని ఉండొచ్చు.

మార్చి 9, ఆదివారం

రేడియో ఇంట్లో కలిశాం, ఏమేం సర్దుకోవాలో మాట్లాడుకోవడానికి. నేను మంచినీళ్ళకి వంటింట్లోకి వెళ్ళి వచ్చేసరికి మాటలు టక్కున ఆగిపోయాయి. రేడియో వెంటనే "ఎండలు ముదిరిపోయాయి కదే" అంది. కిటికీలోంచి చల్లగాలి వస్తోంది.

ఇంకోటి. నర్సమ్మ అంటుంది కదా, "ఆదివారం పొద్దున అందరం ఫోన్లు ఆపేసి నా బ్యాగులో పడేద్దాం."

"ఎందుకు?" అన్నాను.

"మనశ్శాంతి" అంది.

"ఆదివారం పొద్దునే ఎందుకు? శనివారం మనశ్శాంతి అక్కర్లేదా?"

షావుకారు లేచి నా జడ సరిచేసింది, అడక్కుండానే. ఆమె ఎవరి జడా ముట్టుకోదు.

నన్ను వదిలేసి ముగ్గురికీ వేరే గ్రూపు ఉంది. ఇది ఖాయం. రేడియో ఒకసారి "మొన్న షావుకారు రాసినట్టు" అని నాలిక కరుచుకుంది. షావుకారు మొన్న మా గ్రూపులో ఏమీ రాయలేదు, వెనక్కి వెళ్ళి రెండుసార్లు చూశాను. ఏమై ఉంటుంది? సిటీలో నన్నెవరికో చూపించి సంబంధం కుదురుస్తున్నారా? షావుకారు షాపు అమ్మేస్తోందా? లేకపోతే ఆయన సంగతి ఏమైనా?

ఆయన సంగతి అయితే నాకు అక్కర్లేదు. మేమిద్దరం విడిపోయి మూడేళ్ళయింది, విడాకులు కూడా అయ్యాయి. నీటి సరఫరా ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం చేసుకుంటూ బ్యాంకులో పనిచేసే ఒక పొడుగాటి ఆవిడ వెనక పడ్డాడు. ప్యాంటు జేబులో లాడ్జి టోకెను దొరికింది. బయటికి పొమ్మన్నాను. పోయాడు. అప్పటి నుంచీ వీళ్ళు ముగ్గురూ ఆయనకి పెట్టిన పేరు 'లాడ్జి'. ఎదురుపడితే పలకరించరు. రేడియో అయితే రోడ్డు దాటి అటు పక్కకి పోతుంది. నా వాళ్ళంటే వీళ్ళే.

అందుకే దాస్తే ఒళ్ళు మండుతుంది.

మార్చి 11, మంగళవారం

షావుకారు కొత్త ఆర్డరు కోటు రెండో మాస్టర్‌కి ఇచ్చింది! షాపులో కోట్లన్నీ నావి. ఆ రెండో మాస్టర్‌కి అరవై ఏళ్ళు, మంచి మనిషే, ప్యాంట్లు బాగా కత్తిరిస్తాడు. కోటంటే ఆయనకే భయం. "నాకెందుకమ్మా ఇది, మీరు కత్తిరించండి" అని నా టేబుల్ దగ్గరికి తెచ్చాడు. షావుకారు ముందు గదిలోంచి పరుగున వచ్చి బట్ట లాక్కుంది. "నీకు గౌను పని ఉంది కదా, అది చూసుకో" అంది. గౌను కత్తిరించి ఆరు రోజులైంది. మిగిలింది చేతి పని, అది నాది కాదు.

"ఎవరి కోటు?" అన్నాను.

"పెళ్ళికూతురి మేనమామది" అంది నా వైపు చూడకుండా.

మేనమామ కోటుకి ఇంత దాపరికం ఏమిటో.

మార్చి 12, బుధవారం

కొలతల పుస్తకం ఎప్పుడూ ముందు బల్ల మీద ఉంటుంది. ఈ రోజు లేదు.

మార్చి 13, గురువారం

దొరికింది. లైనింగ్ తానుల వెనక పెట్టింది. షావుకారు భోజనానికి వెళ్ళిన ఇరవై నిమిషాల్లో తీసి చూశాను.

ఆర్డరు పేజీ ఒకటే. పైన గౌను, కింద కోటు. కోటు ఎదురుగా 'మేనమామ' అని రాసి ఉంది. మెడ పదిహేనున్నర. కుడి చెయ్యి పావు అంగుళం పొడవు. ఎడమ భుజం అర అంగుళం దిగుడు.

పుస్తకం పట్టుకుని నిలబడిపోయాను.

పద్నాలుగేళ్ళు ఆ భుజానికి చొక్కాలు కత్తిరించాను. చిన్నప్పుడు గోడ మీద నుంచి పడి ఎముక అతుక్కున్న భుజం అది. చొక్కా వేసుకుని అద్దం ముందు నిలబడితే ఎడమ వైపు ఒక ముడత పడేది. ఆ ముడత పోవడానికి నాకు ఏడాది పట్టింది. పెళ్ళయిన కొత్తలో.

షావుకారుకి అబద్ధం చెప్పడం వచ్చు కానీ కొలత తప్పు రాయడం రాదు. పేరు మార్చింది, భుజం మార్చలేకపోయింది. ఇంకెవరైనా చూసి ఉంటే మేనమామే అనుకునేవారు.

కింద డెలివరీ 21 అని, పెళ్ళి 23, ఆదివారం, ఉదయం పదిన్నర అని ఉంది. పెద్ద పార్కు ఎదురు హాలు అని కూడా రాసి ఉంది.

ఆదివారం పొద్దున మనశ్శాంతి.

మార్చి 14, శుక్రవారం

అయితే ఇది. ఆయన పెళ్ళి చేసుకుంటున్నాడు. చేసుకోనీ. నాకేం? నేను రాత్రి బాగా నిద్రపోయాను. పొద్దున కాఫీ తాగాను. టేబుల్ దగ్గర నిలబడి రెండు ప్యాంట్లు కత్తిరించాను, ఒకటి తప్పు పోయింది, బట్ట నాసిరకం.

వీళ్ళు ముగ్గురూ నాకు చెప్పకుండా, ఆయన కోటు మా షాపులోనే కుట్టిస్తూ, నన్ను ఊళ్ళోంచి తప్పించే ఏర్పాటు చేశారు. ఆయనతో ఎప్పటి నుంచి మాట్లాడుతున్నారు? రోడ్డు దాటిపోవడం అంతా నాటకమేనా? నేను చూస్తున్నప్పుడే దాటేవాళ్ళా?

ఇంకోటి. ఆ గౌను కత్తిరించింది నేనే. మూడు గంటలు ముచ్చటపడి మరీ కత్తిరించాను. మెడ వెనక పావు అంగుళం వదిలాను.

సాయంత్రం

ఆ గౌను భుజం నుంచి నేల దాకా యాభై అంగుళాలు. నేనే సుద్దతో గీశాను. బ్యాంకు మనిషి ఆయన కన్నా రెండు వేళ్ళు ఎత్తు. ఆమెకి యాభై ఏడు లేనిదే నేల అందదు.

పెళ్ళికూతురు ఆమె కాదు.

అయితే ఆమెని కూడా వదిలేశాడన్నమాట. వదిలేసి ఇంకెవరినో పట్టాడు. అలాంటి వాళ్ళు అంతే. కానీ ఆమె పెళ్ళికి వస్తుంది. వెనక వరసలో ఎక్కడో నిలబడుతుంది. అలాంటివి నేను ఒక్క చూపులో పట్టేస్తాను. ఆమె అక్కడ ఉంటే చాలు, నేను మూడేళ్ళుగా అన్నదంతా నిజమని తేలుతుంది.

ఉండి తీరాలి.

మార్చి 15, శనివారం

నలుగురం బస్సు టిక్కెట్లు తీసుకున్నాం. పోవడం 22 పొద్దున, రావడం 23 మధ్యాహ్నం. రేడియో లిస్టు పెట్టింది. శనివారం మ్యూజియం, నది మీద పడవ, చెప్పుల షాపులు. ఆదివారం పొద్దున ఎనిమిది నుంచి పన్నెండు దాకా లిస్టులో పదకొండు పనులున్నాయి. నన్ను ఊపిరి తీసుకోనివ్వకూడదని.

"ఎంత బాగుందే" అని రాసి రెండు పువ్వులు పెట్టాను. నాకూ వచ్చు నాటకం.

మార్చి 17, సోమవారం

ట్రయల్ ముందు కోటు హ్యాంగరుకి వేలాడుతోంది. దూరం నుంచే తెలిసింది, భుజం పాడైంది. రెండో మాస్టర్ రెండు వైపులా సమానంగా కత్తిరించి, దిగుడు కనపడకుండా ఎడమ వైపు దూది కుక్కాడు. వేసుకుంటే ఆయన మెడ పట్టేసిన మనిషిలా ఉంటాడు. ఫొటోల్లో జన్మంతా అలాగే ఉండిపోతాడు.

ఉండనీ అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. టీ తాగి వచ్చి మళ్ళీ చూశాను.

రెండో మాస్టర్ భోజనానికి వెళ్ళాడు, షావుకారు గుండీల కోసం బజారుకి వెళ్ళింది. భుజం కుట్టు విప్పాను. దూది తీసేశాను. లోపలి కాన్వాసుని కాస్త జరిపి, చంక దగ్గర సడలించి, మళ్ళీ చేత్తో కుట్టాను. నలభై నిమిషాలు. ఇది షాపు పరువు కోసం చేశాను. కస్టమరు ఎవరన్నది అనవసరం.

లోపల రెండు జేబులున్నాయి. బయట మూడు. పుస్తకంలో కూడా గీత గీసి ఉంది, జేబులు లోతుగా ఉండాలని.

మా ఇంట్లో చివరి రెండేళ్ళు ఆయన చొక్కాలకి జేబులు వద్దన్నాడు. "జేబు లేకుండా కుట్టు" అన్నాడు ఒక రోజు, అంతే, కారణం చెప్పలేదు. పెన్ను చేత్తో పట్టుకుని ఆఫీసుకి వెళ్ళేవాడు. నేను అప్పుడే అనుకున్నాను, దాచేవాడు కాబట్టే జేబు వద్దంటున్నాడని.

దాచేవాడికి జేబు కావాలి కదా?

పై మాట కొట్టేయాలి.

మార్చి 18, మంగళవారం

23న సిటీ నుంచి ఆరుంబావుకి ఒక బస్సుంది. పదింటికి ఇక్కడ ఉంటుంది. స్టాండు నుంచి పెద్ద పార్కు పది నిమిషాలు. ఒక్క సీటు బుక్ చేశాను. వాళ్ళు లేచేసరికి నేను ఉండను.

షావుకారు ఈ రోజు నాతో రెండే మాటలు మాట్లాడింది. టీ తాగావా అంది. తాగాను అన్నాను.

మార్చి 20, గురువారం

ఏమీ లేదు. బ్యాగు సర్దాను. ఆయన సంగతి నాకు అక్కర్లేదు. ఆ బ్యాంకు మనిషిని చూడాలి, అంతే.

మార్చి 22, శనివారం

హోటల్ గదిలో కిటికీ పక్క మంచం నాకిచ్చారు. తలుపుకి అన్నిటి కన్నా దూరం. సాయంత్రం ఏడింటికి రాస్తున్నాను, ముగ్గురూ కింద హాల్లో టీ తాగుతున్నారు.

పొద్దుటి నుంచి నేను వీళ్ళని చూడడమే సరిపోయింది. ఒక షాపు అద్దంలో పెళ్ళి బట్టల బొమ్మలు కనపడితే రేడియో నన్ను అమాంతం రోడ్డుకి అటు పక్కకి లాక్కెళ్ళింది, అక్కడున్నది సైకిల్ రిపేరు కొట్టు. "ఎంత బాగున్నాయో చూడు చక్రాలు" అంది. నర్సమ్మ హోటల్లో టీవీ వైరు పీకేసింది, ఏదో కాలిన వాసన వస్తోందట. షావుకారు మాత్రం ఏమీ చెయ్యలేదు. నా పక్కనే నడిచింది. నేను ఆగితే ఆగింది.

పడవ మీద రేడియో టోపీ గాలికి ఎగిరి నీళ్ళలో పడింది. పడవ నడిపే ఆయన్ని వెనక్కి తిప్పమని బతిమాలింది. ఆయన తిప్పాడు. టోపీ దొరికింది కానీ తడిసిన కోడిలా ఉంది. అది పెట్టుకుని ఫొటో తీయించుకుంది. నలుగురం కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాం. ఆ కాసేపు నాకు బస్సు గుర్తు రాలేదు. ఎప్పటికీ ఇలా ఉండిపోతే బాగుండుననిపించింది.

ఆ తర్వాత గుర్తొచ్చింది.

మార్చి 23, ఆదివారం

బస్సులో రాస్తున్నాను. నలుగురం కలిసి తీసుకున్న మధ్యాహ్నం బస్సు. అక్షరాలు కుదుపులకి అటూ ఇటూ పోతున్నాయి, ఇప్పుడే రాయకపోతే రేపటికి నాకు అనుకూలంగా మార్చేసుకుంటాను.

పొద్దున ఐదున్నరకి లేచాను. చప్పుడు కాకుండా బట్టలు మార్చుకుని బ్యాగు తీసుకున్నాను. కిటికీ వెలుగులో కనపడింది, తలుపుకి అడ్డంగా కుర్చీ వేసుకుని షావుకారు కూర్చుని ఉంది. ఎప్పటి నుంచి కూర్చుందో.

"బస్సు ఎన్నింటికి?" అంది మెల్లగా.

"ఏ బస్సు?"

"సంబడం. ఎన్నింటికో చెప్పు."

"ఆరుంబావుకి" అన్నాను. "నాకు తెలిసిపోయిందని నీకెలా తెలుసు?"

"మంగళవారం ఆ కోటు ఇస్త్రీకి తీశాను. ఆ భుజం రెండో మాస్టర్ పని కాదు. మన షాపులో భుజాన్ని అలా కూర్చోబెట్టేది నువ్వొక్కదానివే."

"మరి అడగలేదేం?"

"నువ్వే చెప్తావేమోనని చూశా."

నాకు కోపం వచ్చింది. తప్పు నాది అయినప్పుడే నాకు ముందు కోపం వస్తుంది. "అసలు నువ్వెందుకు చెప్పలేదు? మూడేళ్ళుగా నా ఎదురుగా తిరుగుతూ, ఆయన కోటు తెచ్చి నా పక్క టేబుల్ మీద పడేస్తావా?"

"చెప్తే ఏమయ్యేదో చెప్పనా? ఎప్పుడు తెలిసిందంటావ్. మంగళవారం అంటే సోమవారం ఎందుకు చెప్పలేదంటావ్. సోమవారమే చెప్పుంటే ఆదివారం నీ మొహం అలా ఎందుకుందంటావ్." ఊపిరి తీసుకుంది. "వాడి పెళ్ళి 23న అని రేడియో చెప్పింది కానీ, ఈ గౌను ఆ పెళ్ళికేనని వాడు గుమ్మంలోకొచ్చి నిలబడేదాకా నాకూ తెలీదే. అప్పటికే నువ్వు గౌను కత్తిరించేశావ్. ఆవిడ పదేళ్ళ కస్టమరు, ఏమని కాదనను? వాడు కూడా వద్దులెండి, ఇంకోచోట కుట్టించుకుంటాననే అన్నాడు. ఆవిడే వినలేదు."

నేను బ్యాగు భుజానికి వేసుకున్నాను. అడ్డు తప్పుకోమందామనుకున్నాను, ఆమె తనే లేచింది. వంగి చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టింది.

"నువ్వెక్కడికి?"

"నీతోనే. ఒక్కదానివీ వెళ్తే అక్కడ నిలబడి ఏడుస్తావ్, అంతే. నేనైతే అడుగుతా. ఆ లాడ్జి గాడిని పెళ్ళి పందిట్లో నలుగురి ముందూ అడుగుతా. మూడేళ్ళుగా నాలిక చివర పెట్టుకుని తిరుగుతున్నా. ఆ పిల్లకి కూడా తెలియాలి కదా, ఎలాంటి వాణ్ణి చేసుకుంటోందో."

ఆవిడ పదేళ్ళ కస్టమరు అని ఇప్పుడే అన్న మనిషి.

మా మాటలకి రేడియో లేచి కూర్చుంది. రెండు ముక్కలు వినగానే దుప్పటి తన్నేసింది. "నేనూ వస్తా! నా చెప్పు ఇంకోటి ఏదీ? ఆ బ్యాంకు దాని సంగతి కూడా అడగాలి." నర్సమ్మ అప్పటికే కళ్ళజోడు పెట్టుకుని జుట్టు ముడేసుకుంటోంది. "ఆరుంబావు బస్సుకి సీట్లు లేకపోతే నిలబడి వెళ్దాం" అంది. సెలవు కోసం నెల రోజులు అదనపు డ్యూటీ చేసిన మనిషి. ముగ్గురూ గదిలో గుద్దుకుంటూ, ఒకరి చెప్పులు ఒకరు వేసుకుంటూ తయారవుతున్నారు. నా కోసం. నేను చెప్పిన మాట కోసం.

నాకు ఆ హాలు కనపడింది. ఆయన ఆ కోటు వేసుకుని నిలబడి ఉంటాడు. వీళ్ళు ముగ్గురూ లోపలికి వెళ్తారు. గౌనులో ఉన్న చిన్న మనిషి వీళ్ళ మాటలు వింటుంది, నమ్ముతుంది. నేను కూడా నమ్మించగలను, నాకు బాగా వచ్చు.

మంచం మీద కూర్చుండిపోయాను.

"బ్యాంకు మనిషి లేదు" అన్నాను.

"పెళ్ళికి రాదా?" అంది రేడియో, చెప్పు కోసం మంచం కింద తడుముతూ.

"ఎక్కడా లేదు. ఆమె ఆ బ్యాంకులో కౌంటర్ దగ్గర కూర్చునేది. ఒకసారి ఆయన ఏదో అంటే నవ్వింది. నేను బయట అద్దంలోంచి చూశాను. అంతే. అంతకు మించి ఇంకేమీ లేదు."

గదిలో అందరూ ఆగిపోయారు. నర్సమ్మ అడిగింది, "మరి లాడ్జి టోకెను?"

"అది లాడ్జిది కాదు. లైబ్రరీ రీడింగ్ రూముది. సంచి బయట పెడితే ఇస్తారు. ఆ టోకెను పట్టుకుని ఊరంతా తిరిగి కనుక్కున్నాను. ఆయన ఆఫీసు అయ్యాక రోజూ అక్కడికెళ్ళి ఎనిమిది దాకా కూర్చునేవాడట. లైబ్రరీ కౌంటర్లో ఆవిడ చెప్పింది. చదివిన పేపరే మళ్ళీ తిరగేస్తుంటారు, పాపం ఇంటికి వెళ్ళాలనిపించదేమో అంది."

"ఇదెప్పుడు తెలిసింది నీకు?"

"మీకు లాడ్జి అని చెప్పడానికి ముందు రోజు."

ఇది నేను ఈ పుస్తకంలో కూడా రాయలేదు. ఎవరూ చదవని పుస్తకంలో కూడా.

"ఎందుకే?" అంది నర్సమ్మ. ఆమె గొంతు వార్డులో మాట్లాడినట్టుంది.

"ఊరికే అనుమానపడి మొగుణ్ణి ఇంట్లోంచి తరిమేశానంటే మీరెవరూ నా వైపు ఉండరనుకున్నాను. మీరు ముగ్గురే ఉన్నారు నాకు." ఏడుపొచ్చింది. ఆయన పెళ్ళి చేసుకుంటున్నందుకు కాదు. నేను రోజూ వెతుకుతున్నానని జేబుల్లేని చొక్కా తొడుక్కుని, పెన్ను చేత్తో పట్టుకుని రోడ్డు మీద వెళ్తున్న ఆయన కనపడ్డాడు.

రేడియో ఒక కాలికి చెప్పుతోనే బాల్కనీలోకి వెళ్ళి నిలబడింది. నర్సమ్మ బాత్రూములోకి వెళ్ళి చాలాసేపు కుళాయి తిప్పి ఉంచింది.

షావుకారు కుర్చీలో కూర్చుని వేసుకున్న చెప్పులు విప్పింది. నా వైపు చూడలేదు.

"కొలతలకి వచ్చినప్పుడు ఆయన మంచినీళ్ళు అడిగాడు" అంది. "లేవన్నాను. బిందె పక్కనే ఉంది, ఆయనకి కనపడుతూనే ఉంది. పర్వాలేదమ్మా అన్నాడు."

ఆరుంబావు బస్సు వెళ్ళిపోయింది. పదకొండు పనుల్లో ఒక్కటీ చెయ్యలేదు. పదిన్నర అయినప్పుడు నలుగురం ఆ గదిలో నాలుగు మంచాల మీద కూర్చుని ఉన్నాం. ఎవరూ ఎవరి ఫోనూ దాచలేదు.

ఇప్పుడు రేడియో, నర్సమ్మ ముందు సీట్లలో ఉన్నారు. రెండు గంటల నుంచి వెనక్కి తిరగలేదు. నా పక్కన షావుకారు. బస్సు సగం ఖాళీ. ఎక్కేటప్పుడు ఆమె ఆ ఖాళీ సీట్లన్నీ చూసింది, కాసేపు నడవాలో నిలబడింది, తర్వాత వచ్చి నా పక్కన కూర్చుంది. మధ్యలో బస్సు ఆగినప్పుడు దిగి ఒక్క మంచినీళ్ళ సీసా కొనుక్కుంది. సగం తాగి, మూత పెట్టకుండా నా చేతికిచ్చింది.